మిరియం

మా వైపు చావింటికి పోయినవాళ్ళు మొదట అడిగే మాట "ఏమైంది?" అని. వాకిట్లో చెప్పులు విడిచి, తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళ చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అడుగుతారు. ఇంటివాళ్ళు చెబుతారు. రాత్రి పది దాకా బాగానే ఉండినారు, మజ్జిగన్నం తిన్నారు, తెల్లారుజామున ఎద పట్టుకున్నారు... వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే కథ మొదటినుంచీ చెబుతారు. పొద్దుగూకేసరికి ఆ కథకు ఒక రూపం వస్తుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పూడుకుపోతుందో చెప్పేవాళ్ళకే తెలిసిపోతుంది. దుఃఖాన్ని మోయడానికి మన పెద్దవాళ్ళు ఏర్పరచుకున్న పద్ధతుల్లో ఇది చాలా గొప్పదని నా నమ్మకం. కారణమంటూ ఒకటి ఉంటే, దాన్ని పట్టుకుని కొంత దూరం నడవగలం.

మా ఇంట్లో పోయింది పిల్లి. ఏడాది నిండని నల్లపిల్లి. పేరు మిరియం. అది ఎందుకు పోయిందో నాకు తెలియదు. దాన్ని చూసిన డాక్టరుకూ తెలియదు. పక్కింటివాళ్ళు, పాలబ్బాయి, బళ్ళో నాతో పనిచేసే టీచర్లు "ఏమైంది?" అని అడిగితే, "ఏమో, తెలియలేదు" అని తప్ప చెప్పడానికి నా దగ్గర కథ లేదు. ఆ ఖాళీలోకి ఎన్నెన్ని మాటలు వచ్చి చేరతాయో, వాటిలో ఏవి ఉంచుకోవాలో, ఏవి బయటికి పంపాలో ఈ కొన్ని నెలలుగా ఆలోచిస్తూ ఉన్నాను. ఇది రాస్తున్నది అందుకే.

అది మా ఇంటికి వచ్చింది తిరుపతిలో గంగ జాతర జరిగే రోజుల్లో. మే నెలలో రేణిగుంటలో పొద్దున తొమ్మిదికే గడప బయట కాలు పెట్టలేం. మా క్వార్టర్స్ వెనక పాత సామాను పడేసిన చోట ఒక తల్లిపిల్లి ఈనింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, అట్లే ఒక్కోదాన్నీ నోట కరుచుకుని గోడ దాటించింది. ఆఖరిదాని కోసం మళ్ళీ రాలేదు. ఎండలో అరుస్తున్న ఆ కూనను మా పాప చున్నీలో చుట్టుకుని తెచ్చింది. మా అమ్మ చూసి, "మిరియమంత లేదు, ఇంత గొంతేంది దీనికి!" అనింది. అదే పేరైపోయింది.

నల్లపిల్లి ఇంట్లో ఎందుకన్నవాళ్ళు లేకపోలేదు. శకునాల లెక్కలో పిల్లికి మన ఊళ్ళలో ఎప్పుడూ మంచి పేరు లేదు. మా అమ్మ ఆ మాటలు విని ఊరకుండేది. ఎండు నెత్తళ్ళు తలలు తుంచి శుభ్రం చేసే రోజున మాత్రం మిరియాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, దాంతోనే లోకాభిరామాయణమంతా మాట్లాడేది. రేణిగుంట జంక్షన్ కదా. గూడూరు దిక్కు, అరక్కోణం దిక్కు, గుంతకల్లు దిక్కు, తిరుపతి దిక్కు నాలుగు వైపులా బండ్లే. గూడ్సు పోతుంటే మా కిటికీలు అదురుతాయి. మిరియం రైలుకు బెదిరేది కాదు. కుక్కరు కూత పెడితే మాత్రం బీరువా కిందికి దూరేది. నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే కట్ట మీదనే పడుకునేది. ఇట్లాంటివి ఇంకా ఎన్నో చెప్పగలను. పిల్లిని పెంచిన ప్రతి ఇంట్లోనూ ఇవే ఉంటాయని తెలుసు, అయినా ఎవరి పిల్లి వాళ్ళకే.

చలికాలం మొదట్లో ఒక రోజు నెత్తళ్ళ వాసనకు అది లేచి రాలేదు. ఆ సాయంత్రం ఒళ్ళు కాలిపోతోంది. కూరగాయల బుట్టకు మూత కట్టి, ఆటోలో తిరుపతికి తీసుకుపోయాం. టీకాలన్నీ సమయానికి వేయించినదే. డాక్టరు మొట్టమొదట అడిగింది, "మీరుగా ఏ మాత్రైనా వేశారామ్మా?" అని. లేదన్నాను. ఆయన ఊపిరి పీల్చుకోవడం నాకు కనబడింది. ఎందుకో ఆయనే చెప్పారు. పారాసిటమాల్‌ను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనం తలనొప్పికి వేసుకునే ఒక్క మాత్ర దాని ప్రాణం తీయగలదు. పిల్లికి జ్వరమొచ్చిందని దయతో మాత్ర అరగదీసి పోసేవాళ్ళు ప్రతి నెలా వస్తారట. ఇంకో సంగతి, మన ఒంటికి జ్వరమనిపించే వేడి పిల్లికి మామూలే. 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా దాని సహజమైన వేడి. మిరియానికి 104 దాటింది.

ఆ తరువాత జరిగినదాన్ని పొడిగించను. నెత్తురు పరీక్ష చేశారు. పిల్లికూనల్ని ఎక్కువగా పొట్టనబెట్టుకునే పాన్‌ల్యూకోపీనియా ఉందేమోనని కిట్‌తో చూశారు, లేదు. స్కానింగ్‌లో తేడా ఏమీ కనబడలేదు. యాంటీబయాటిక్ ఇచ్చారు, చర్మం కింద సెలైన్ ఎక్కించారు. జ్వరం తగ్గేది, మళ్ళీ వచ్చేది. ముక్కు తడి, చిగుళ్ళ రంగు, మూత్రం, అన్నీ చూసి డాక్టరు ఇది కావచ్చు, అది కావచ్చు అని రెండు మూడు పేర్లు చెప్పారు. "పిల్లి తనకు నొప్పి ఉందని చివరిదాకా చెప్పదమ్మా" అన్నారాయన. అడవిలో వేటాడేదీ అదే, వేటకు చిక్కేదీ అదే. నీరసం కనబడితే ఇంకో జంతువు నోట్లో పడుతుంది కాబట్టి దాచుకోవడం దాని నెత్తుట్లో ఉంది. కెనడాలో మాంట్రియల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో పిల్లి ముఖం చూసి నొప్పిని అంచనా వేసే ఒక కొలత తయారుచేశారు. చెవులు ఎటు వాలాయి, కళ్ళు ఎంత మూసుకున్నాయి, మూతి ఎంత బిగిసింది, మీసాలు ఎట్లా నిలిచాయి, తల ఎంత వంగింది. ఈ అయిదూ చూడాలి. నేను ఆ రోజుల్లో మిరియం ముఖాన్ని గంటల తరబడి చూశాను.

తిరుమల కొండ మా మిద్దె ఎక్కితే కనబడుతుంది. ఆ కొండ చుట్టూ బతికేవాళ్ళకు శరణాగతి అనే మాట ఏదో ఒక ఉపన్యాసంలో చెవిన పడుతూనే ఉంటుంది. శ్రీవైష్ణవం వడగలై, తెంగలై అని రెండు పాయలైనప్పుడు, జీవుడు దేవుణ్ణి ఎట్లా చేరుతాడన్న మాటకు రెండు ఉపమానాలు నిలబడ్డాయి. వేదాంత దేశికుల వైపువాళ్ళు కోతిపిల్లను చూపించారు. తల్లి ఎగురుతుంటే పిల్ల తన చేతుల్తో తానే కడుపు కరుచుకుంటుంది, జీవుడి ప్రయత్నం కూడా ఉండాలి అన్నారు. పిళ్ళై లోకాచార్యులు, తరువాత మణవాళ మహాముని వైపువాళ్ళు పిల్లికూనను చూపించారు. అది ఏమీ చెయ్యదు, తల్లే మెడ పట్టి ఎత్తుకుపోతుంది, జీవుడు ఒళ్ళు వదిలెయ్యడమే చాలు అన్నారు. మర్కట కిశోర న్యాయం, మార్జాల కిశోర న్యాయం. చిన్నప్పుడు విన్నప్పటినుంచీ నాకు పిల్లికూనే ఇష్టం. అంత భరోసాగా ఎవరి నోటికైనా వేలాడగలగడం ఎంత అదృష్టమో అనిపించేది.

ఇంట్లో పిల్లిని పెంచాక తెలిసింది, ఒళ్ళు బాగున్న పిల్లికూన ఆ న్యాయంలోని పిల్లికూన కాదని. తల్లి మెడ పట్టిన ఆ కాస్తసేపే అది కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉంటుంది. అది పుట్టుకతో వచ్చే గుణం, పట్టు వదలగానే పోతుంది. మిగతా పొద్దంతా అది కోతిపిల్లే. గోళ్ళన్నీ దింపి పట్టుకుంటుంది, వద్దంటే కరుస్తుంది, తనకు కావలసినచోటికి తానే ఎక్కుతుంది. మొదటి రోజు మందు పోయబోతే మిరియం నా ముంజేతి మీద గీసిన గీతలు చాలా రోజులుండినాయి. పాప దాని కాళ్ళు పట్టుకుంటే, మా అమ్మ దవడ తెరిస్తే, నేను సిరంజితో పోసేదాన్ని. సగం మందు మా బట్టల మీదే. కొన్నాళ్ళకు గొడవ తగ్గింది. ఒక పొద్దు నేనొక్కదాన్నే కూర్చుని మందు పోశాను. నోరు తెరిచింది, మింగింది, నా చేతిమీద తల వాల్చింది. అలవాటు పడిందని పాప సంతోషపడింది. ఆ సాయంత్రం డాక్టరు ఫోనులో, "మందు వేసేటప్పుడు గొడవ చేస్తోందా?" అని అడిగారు. లేదు సార్, ఇప్పుడు చక్కగా తాగుతోంది అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

శరణాగతి, అలసట ఈ రెండూ బయటినుంచి చూసేవాళ్ళకు ఒక్కతీరుగానే ఉంటాయి. మిరియం నా ఒళ్ళో వదులుగా పడుకున్నప్పుడు నన్ను నమ్మి పడుకుందో, ఇంక చేతగాక పడుకుందో నాకు తెలియలేదు. నమ్మిందనే అనుకోవాలని ప్రాణం కొట్టుకుంటుంది. ఆ మాట నేను గట్టిగా చెప్పను. దాని లోపల ఏం జరిగిందో నాకు తెలియనప్పుడు, నాకు హాయిగా ఉండే అర్థాన్ని దాని పేరున రాసుకోవడం న్యాయం కాదనిపించింది. ఆచార్యులు చెప్పిన న్యాయం తప్పని నేననడం లేదు. తల్లి నోట వేలాడే కూనను చూసి వాళ్ళు చెప్పారు. నా ఒళ్ళో ఉన్నది ఆ కూన కాదు.

తెల్లారుజామున పోయింది. స్వర్ణముఖి వైపు తెలిసినవాళ్ళ మామిడితోపులో పాతిపెట్టి వచ్చాం. పాతిపెట్టే ముందు డాక్టరు ఫోను చేసి, ఇష్టమైతే పోస్టుమార్టం చేయించవచ్చమ్మా, కారణం తెలిసే అవకాశం ఉంది అన్నారు. ఈ విషయంలో మా ప్రాంతం అదృష్టం చేసుకున్నదే. తిరుపతిలో పశువైద్య కళాశాల 1955 నుంచీ ఉంది, 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చింది. చనిపోయిన జంతువును కోసి చూసి కారణం వెతకడం అట్లాంటి చోట్ల విద్యార్థులు నేర్చుకునే చదువులో భాగం. కళేబరాన్ని గడ్డకట్టించకుండా, మంచుముక్కల మధ్య చల్లగా ఉంచి త్వరగా చేర్చాలి. మా పాప వద్దంది. నేనూ సరే అన్నాను. ఆ పిల్ల చేతుల్లో పెరిగిన పిల్లి, ఆ మాట చెప్పే హక్కు పాపకుంది. ఇంకో ఇంట్లో ఇంకోలా నిర్ణయించుకుంటే అదీ మంచిదే. ఒక పిల్లి ఒంట్లో దొరికిన జవాబు పక్కవీధి పిల్లికి పనికొస్తుంది.

తరువాతి వారమంతా జనం కారణాలు తెచ్చిచ్చారు. ఎలుకలమందు తిన్న ఎలుకను తిని ఉంటుందన్నారు ఒకరు. బల్లిని తిన్న పిల్లి చిక్కిపోతుందన్నారు ఇంకొకరు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, బల్లుల ఒంట్లోంచి పిల్లి కాలేయంలోకి చేరే ఒకరకం పురుగు ఉష్ణదేశాల్లో ఉంది. నేల తుడిచే ఫినాయిలు పిల్లులకు పడదు, అదీ నిజమే. పాము ముట్టిందేమో, ఎవరైనా కావాలని మందు పెట్టారేమో, దిష్టి తగిలిందేమో. రాత్రిళ్ళు పడుకుంటే మనసు కూడా పోలీసు విచారణ మొదలుపెడుతుంది. ఏ రోజు ఏం పెట్టాం, ఎవరు వచ్చారు, కిటికీ ఎప్పుడు తెరిచి ఉంది. సాక్ష్యం ఒక్కదానికీ లేదు. సాక్ష్యం లేని విచారణలో ముద్దాయిగా నిలబడేది ఎప్పుడూ ఇంట్లోవాళ్ళే. నాలుగు రోజులకు పాప, "మా, నేను ఆ రోజు కిటికీ మూయలేదు, దానివల్లనా?" అని అడిగింది. ఆ ప్రశ్న విన్నాక నాకు అర్థమైంది, కారణం దొరక్కపోవడం కంటే దొరికినట్టు కనిపించే కారణం ఎక్కువ హాని చేస్తుందని. తొమ్మిదో తరగతి పిల్ల మోయవలసిన బరువు కాదది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టిన మాట ఓదార్పుగా వచ్చింది. పక్కింటి అక్క చాలా మంచిది, మిరియం జబ్బుగా ఉన్నప్పుడు ఎన్నోసార్లు వచ్చి చూసిపోయింది. ఆమే అనింది, "ఇంటిమీద ఉండే గండం దానిమీద పొయ్యింది లేమ్మా. ఏడస్తావెందుకు, మంచిదేననుకో." ఆమె మనసు నాకు తెలుసు. మా వైపు ఇంటిలో పెంచుకునే కుక్కో పిల్లో పోతే ఈ మాట అనడం మామూలే. కానీ ఆ మాటకు నేను ఒప్పుకోలేను. మాకు రావలసిన కీడు ఏదో ఉండిందనీ, దాన్ని తీర్చడానికి ఒక కూన ప్రాణం చెల్లు రాశారనీ అనుకుంటే, అది బతికిన ఆ కొన్ని నెలలకు సొంత విలువ లేకుండా పోతుంది. నెత్తళ్ళ పక్కన కూర్చున్నది, పేపర్ల కట్టమీద పడుకున్నది, కుక్కరుకు బెదిరింది మా కుటుంబం ఖాతాలో జమ అయ్యే వస్తువు కాదు. అది తన బతుకు తాను బతికింది. తన జబ్బుతో తాను పోయింది.

మా అమ్మ మాట వేరు. "దాని రుణం అంతే మా" అనింది, అంతటితో ఊరుకుంది. ఆ మాట నాకు నొప్పి కలిగించలేదు. రుణం తీరిందనడంలో ఎందుకు పోయిందన్న లెక్క లేదు, ఎవరిమీదా నింద లేదు. ఉన్నన్నాళ్ళు మన దగ్గర ఉంది, ఇప్పుడు లేదు అని మాత్రమే ఉంది.

మనవాళ్ళు కారణం తెలియని జబ్బుల్ని ఎదుర్కొన్న తీరు తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. మశూచి, కలరా ఊళ్ళను ఊడ్చిన రోజుల్లో సూక్ష్మక్రిముల సంగతి ఎవరికీ తెలియదు. పొలిమేరలో అమ్మవారిని నిలబెట్టుకున్నారు, జాతర చేశారు, అంబలి పోశారు, వేపమండలు కట్టారు. జబ్బు తగ్గిందా లేదా అన్నది వేరే మాట. ఆ పద్ధతిలో తల్లులు పిల్లల చావుకు ఒంటరిగా ముద్దాయిలు కాలేదు. ఊరంతా కలిసి భయపడింది, ఊరంతా కలిసి ఏడ్చింది. ఇప్పుడు మనకు మందులున్నాయి, పరీక్షలున్నాయి, అవి ఉండవలసిందే. అవి జవాబివ్వని చోట మాత్రం మనిషి ఒంటరిగా మిగిలిపోతున్నాడు.

డాక్టరు చెప్పిన అనుమానాల్లో ఒకదాని చరిత్ర చదివాను. పిల్లుల్లో కడుపు పొరలకు, అవయవాలకు వాపు తెచ్చే ఒక జబ్బు ఉంది, ఎఫ్‌ఐపీ అంటారు. ఎక్కువగా రెండేళ్ళలోపు పిల్లులకే వస్తుంది. అమెరికాలో బోస్టన్ నగరంలో పనిచేసిన జీన్ హోల్జ్‌వర్త్ అనే పశువైద్యురాలు 1963లో దీన్ని మొదట వివరంగా రాశారు. పిల్లుల పేగుల్లో మామూలుగా ఉండే కరోనా వైరస్ కొన్నిటి ఒంట్లో రూపు మార్చుకోవడంవల్ల వస్తుందని తరువాత తేలింది. కడుపులో నీరు చేరే రకాన్ని కాస్త తొందరగా పట్టుకోవచ్చు. నీరు చేరని రకం ప్రాణముండగా అంత సులభంగా అంతుచిక్కదు. జ్వరం వస్తుంది, పోతుంది, మందులకు లొంగదు. యాభై ఏళ్ళకు పైగా అది వస్తే పోవడమే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో నీల్స్ పెడర్సన్ అనే ఆయన విద్యార్థిగా ఉన్నప్పటినుంచీ దాని వెంటబడ్డారు. 2019లో ఆయన బృందం జీఎస్-441524 అనే మందును జబ్బు సోకిన 31 పిల్లులకు ఇచ్చి చూస్తే, 26 పిల్లులు పన్నెండు వారాల చికిత్స పూర్తిచేశాయి. అంతకుముందు ఈ జబ్బునుంచి బయటపడడం అన్నది లేనే లేదనదగ్గ రోజులు. ఆ మందుకు చుట్టం మనకు బాగా తెలిసినదే. 2021 వేసవిలో కోవిడ్ రోగుల కోసం రెమ్‌డెసివిర్ సీసాలు వెతుక్కుంటూ మనవాళ్ళు ఎన్ని ఆసుపత్రుల చుట్టూ తిరిగారో ఎవరూ మరిచిపోరు. రెమ్‌డెసివిర్ ఒంట్లోకి పోయి విరిగితే వచ్చే పదార్థమే జీఎస్-441524. సైప్రస్ దీవిలో 2023లో ఈ జబ్బు పిల్లుల్ని కుప్పలుగా చంపుతుంటే, మనుషుల కోవిడ్ కోసం తెచ్చిపెట్టుకున్న మాత్రల్ని పిల్లులకు వాడడానికి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది.

మిరియానికి ఆ జబ్బే వచ్చిందని నేను చెప్పడం లేదు. తెలియదు. కానీ ఆ చరిత్ర నాకు ఒక మేలు చేసింది. 1963కు ముందు ఆ జబ్బుతో పోయిన పిల్లులన్నిటి ఇళ్ళలోనూ దిష్టి అనో, విషం అనో, కిటికీ మూయలేదనో అనుకునే ఉంటారు. ఎవరి తప్పూ లేదు. అప్పటికి దానికి పేరు లేదు, అంతే. ఇప్పుడు పేరు లేని జబ్బులు ఇంకా ఉన్నాయి. పాపను కూర్చోబెట్టి ఈ సంగతంతా చెప్పాను. రెమ్‌డెసివిర్ దగ్గరికి వచ్చేసరికి దాని కళ్ళు పెద్దవయ్యాయి. కిటికీ ప్రశ్న మళ్ళీ అడగలేదు.

ఇక ఏడుపు సంగతి. బళ్ళో సెలవు చీటీలో పిల్లి పోయిందని రాయలేం. మైల లేదు, చిన్నదినం పెద్దదినం లేవు, పలకరింపు లేదు. మనుషుల చావుకు ఉన్న ఆ ఏర్పాట్లన్నీ దుఃఖం నడిచిపోవడానికి వేసిన కాలిబాటలు. సమాజం గుర్తించని ఇట్లాంటి దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో ఒక పుస్తకమే తెచ్చారు. అట్లాగని జంతువు చావుకు ఏడవడం మన ఊళ్ళకు కొత్తదేం కాదు. ఆవు పోతే పసుపు కుంకుమ పెట్టి పాతిపెడతారు. ఆంజనేయస్వామి రూపమని కోతి పోతే భజనతో ఊరేగిస్తారు, కొన్నిచోట్ల చిన్న గుడి కూడా కడతారు. మాకు పాతిక కిలోమీటర్ల దూరంలోని శ్రీకాళహస్తిలో సాలెపురుగు, పాము, ఏనుగు శివుడి కోసం ప్రాణాలు విడిచాయన్న కథ మీదనే క్షేత్రం వెలిసింది. పిల్లికి మాత్రం ఈ లెక్కలో చోటు దొరకలేదు. పురాతన ఈజిప్టులో ఇంటి పిల్లి తనంతట తాను చనిపోతే ఇంటిల్లిపాదీ కనుబొమలు గీయించుకునేవాళ్ళని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ క్రీస్తుకు పూర్వం అయిదో శతాబ్దంలోనే రాశాడు. బయటికి పోతే చూసినవాళ్ళకు తెలుస్తుంది, ఈ ఇంట్లో పిల్లి పోయిందని. కనుబొమలు మళ్ళీ పెరిగేదాకా ఎవరూ "పిల్లికా ఇంత?" అనరు. ఎంత మంచి ఏర్పాటు అనిపించింది.

మాకు దగ్గర్లోనే, పాకాల, చిత్తూరు, కాట్పాడి మీదుగా రైలెక్కి పోతే తిరువణ్ణామలై. రమణాశ్రమంలో లక్ష్మి అనే ఆవుకు సమాధి ఉంది. పక్కనే ఒక జింకకు, ఒక కాకికి, జాకీ అనే కుక్కకు సమాధులున్నాయి. లక్ష్మి 1948 జూన్ 18న పోయింది. ఆ రోజుల్లో ఆశ్రమంలో ఉన్న తెలుగావిడ సూరి నాగమ్మగారు తన అన్నగారికి రాసిన ఉత్తరాలు 'శ్రీ రమణాశ్రమ లేఖలు'గా పుస్తకమయ్యాయి. లక్ష్మి చివరి ఘడియల్లో రమణ మహర్షి దాని దగ్గర కూర్చుని తల మీద చెయ్యి వేసి ఉంచడం అందులో ఉంటుంది. జాకీ జబ్బుపడితే కూడా ఆయనే దగ్గరుండి చూసుకున్నారు. అంతటివాడు ఆ జంతువుల తలల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాడు, అంతకుమించి ఏ ఆర్భాటమూ చేయలేదు. ఆ సమాధుల్ని నేను పెళ్ళికాక ముందు చూశాను, అప్పుడు ఆగకుండా దాటుకుపోయాను. ఈసారి పాపను తీసుకుపోవాలి.

ఇప్పుడప్పుడే ఇంకో కూనను తెచ్చుకోవద్దని డాక్టరు చెప్పారు. జబ్బేదో తేలలేదు కాబట్టి జాగ్రత్త మంచిదన్నారు. కొన్ని వైరస్‌లు, పాన్‌ల్యూకోపీనియాది ముఖ్యంగా, ఇంటి మూలల్లో ఏడాది దాకా బతికుంటాయి. మామూలు సబ్బుకు చావవు, బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. గిన్నెలు కడిగి ఎండలో పెట్టాం, పాత గోనెసంచి కాల్చేశాం. తల్లిపిల్లి మళ్ళీ క్వార్టర్స్ వెనక తిరుగుతోంది. దానికి బయటే అన్నం పెడుతున్నాం. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలని మాట్లాడి పెట్టాను.

మీ ఇంట్లో కూన ఉంటే ఒక మాట వినండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, పదహారు వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి టీకా వేయించాలి. మూడు జబ్బులకు కలిపి ఒకే టీకా ఉంటుంది, రేబిస్‌కు వేరే. మిరియానికి వేయించినా పోయింది కదా అనకండి. ఆపగలిగినవాటిని అవి ఆపుతాయి. ఒక పూట తిండి మానితే కనిపెట్టి ఉండండి, రెండో రోజూ ముట్టకపోతే ఇంట్లో పెట్టుకోకండి. పస్తుంటే పిల్లి కాలేయం తొందరగా దెబ్బతింటుంది. జ్వరమని పారాసిటమాల్ మాత్రం పొయ్యకండి. పక్కింట్లో పిల్లి పోయిందని తెలిస్తే ఒకసారి పోయి కాసేపు కూర్చుని రండి. గండం పోయిందనే మాట ఆ ఇంట్లో అనకండి. పిల్లలుంటారు, వింటారు.